స్పీడ్ పట్టికలు పక్కన పెట్టండి: కెన్యా, నైజీరియా, పెరూ, నేపాల్, మనం – నెట్ ఎవరికి ఎక్కడ ఇరుక్కుంటోంది?

రూపాయికి_జీబీ:
ఏ దేశంలో నెట్ ఎంత స్పీడో చెప్పే పట్టికలు నెలనెలా వస్తూనే ఉంటాయి. ఫలానా దేశం ఫలానా దేశాన్ని దాటేసిందని వార్తలూ వస్తాయి. నాకు వాటిమీద పెద్ద గురి లేదు. స్పీడ్ టెస్ట్ నొక్కినవాడి దగ్గర అప్పటికే ఫోనుంది, సిగ్నల్ ఉంది, డేటా ఉంది. ఈ మూడింట్లో ఏ ఒక్కటి లేకపోయినా వాడు ఆ లెక్కలోకే రాడు.

ఐటీయూ (ఐక్యరాజ్యసమితి టెలికం సంస్థ) 2024 లెక్కలో ప్రపంచంలో నెట్ వాడేవాళ్ళు 550 కోట్లు, అంటే 68 శాతం. ఆఫ్రికా వరకే తీసుకుంటే 38 శాతం. మొబైల్ కంపెనీల ప్రపంచ సంఘం జీఎస్ఎంఏ ఇంకో విధంగా లెక్కేసింది: మొబైల్ బ్రాడ్‌బ్యాండ్ సిగ్నలే అందని చోట్ల ఉన్నది 4 శాతం జనం. సిగ్నల్ నెత్తిమీదే ఉన్నా వాడనివాళ్ళు 39 శాతం. దాదాపు పదింతలు.

మరి ఈ దేశాలను పోల్చాలంటే దేన్ని పట్టుకోవాలి? ఒక్కో దేశంలో నెట్ ఎక్కడ ఇరుక్కుంటోందో తెలిసినవాళ్ళు వివరంగా రాయండి. "ఇండియాలో డేటా చవక" అన్న ముక్క అందరికీ తెలుసు, దాన్ని వదిలేద్దాం.

సాగరగర్భం:
నీళ్ళలోంచి మొదలుపెడదాం. ఒక దేశానికి ఎన్ని సముద్రపు కేబుళ్ళు వస్తున్నాయని అందరూ అడుగుతారు. ఎన్ని *వేర్వేరు దారుల్లో* వస్తున్నాయని అడగాలి.

2024 మార్చి 14న ఐవరీ కోస్ట్‌లోని ఆబిజాన్ తీరానికి అవతల వాక్స్, మెయిన్‌వన్, ఏస్, శాట్-3 నాలుగు కేబుళ్ళూ ఒకే రోజు దెబ్బతిన్నాయి. సముద్రం అడుగున మట్టి జారిందని అనుమానం. ఘనా, ఐవరీ కోస్ట్, లైబీరియా, బెనిన్, నైజీరియా ఒక్కసారిగా కుంటుపడ్డాయి. కాగితం మీద అవి నాలుగు కేబుళ్ళు, నాలుగు యాజమాన్యాలు. అడుగున మాత్రం పక్కపక్కనే పడుకున్నాయి. దూరంగా వేసిన ఈక్వియానో అనే కేబుల్‌కు ఏమీ కాలేదు, అందుకే నైజీరియా ఆపరేటర్లు ట్రాఫిక్‌ను దానిమీదికి మళ్ళించుకోగలిగారు. అంతకు ముందు సంవత్సరం ఆగస్టులో కాంగో నది ముఖద్వారం దగ్గరి సముద్రపు లోయలోనూ ఇదే జరిగింది. మట్టి జారి వాక్స్, శాట్-3 రెండూ తెగాయి.

ప్రకృతిని అనడం తేలికే గానీ, ఏటా ప్రపంచమంతటా కేబుళ్ళు 150 నుంచి 200 సార్లు దెబ్బతింటే, అందులో 70–80 శాతం చేపల వలలూ, ఓడ లంగర్లూ చేసేవే. 2024 ఫిబ్రవరిలో ఎర్ర సముద్రంలో క్షిపణి దెబ్బ తిన్న రూబీమార్ అనే ఓడ లంగరు ఈడ్చుకుంటూ కొట్టుకుపోయింది. ఏఏఈ-1, ఈఐజీ, సీకామ్ కేబుళ్ళు తెగడానికి కారణం అదేనని అంచనా.

పింగు_పొంగు:
తెగితే బాగు చేయడానికి ఎందుకంత కాలం పడుతుంది? రోడ్డు పక్క ఫైబర్ తెగితే నాలుగు గంటల్లో అతికిస్తారుగా.

సాగరగర్భం:
అతికించే పనికి అక్కడా ఎక్కువ సేపు పట్టదు. మిగతాదే కాలాన్ని మింగుతుంది.

ఒడ్డున ల్యాండింగ్ స్టేషన్ (కేబుల్ ఒడ్డెక్కే చోటు) నుంచి కాంతి పల్స్ పంపి, తిరిగొచ్చే ప్రతిధ్వనిని బట్టి ఎన్నో కిలోమీటరు దగ్గర తెగిందో కనిపెడతారు. ఇలా కాంతి పంపి చూసే మామూలు పరికరం, ఓటీడీఆర్, దారిలోని యాంప్లిఫైయర్లను (రిపీటర్లను) దాటి చూడలేదు, దానికి వేరే రకం పరికరం కావాలి. తర్వాత ఓడను పిలవాలి. ఆ ఓడ ఇంకో రిపేరులో ఉంటే వరుసలో నిలబడాలి. పశ్చిమ ఆఫ్రికాలో ఇలాంటి పనులు ఎక్కువగా లియాన్ తెవెనాన్ అనే ఒక్క ఓడ నెత్తినే పడతాయి.

చోటికి చేరాక కొక్కెం ఈడుస్తూ కేబుల్‌ను పట్టుకుని పైకి లాగుతారు. ఒక కొసను పరీక్షించి, సీలు వేసి, బోయాకు కట్టి వదులుతారు. రెండో కొసను లేపి దానికి కొత్త ముక్క అతుకుతారు. 4,000 మీటర్ల లోతులో తెగితే ఒక మీటరు ముక్క చాలదు. రెండు కొసలూ నీటిపైకి వచ్చి ఓడ మీద కలవాలి కాబట్టి లోతుకు రెట్టింపు, అంటే సుమారు 8 కిలోమీటర్ల అదనపు కేబుల్ పడుతుంది. ఒక్కో జాయింటుకు దాదాపు ఒక రోజు. దారిలోని రిపీటర్లకు ఒడ్డు నుంచి వేల వోల్టుల డీసీ కరెంటు పోతుంటుంది కాబట్టి పని సాగినంతసేపూ ఆ కరెంటును ఆపి, తాళం వేసి ఉంచాలి.

అన్నిటికంటే మొండిది అనుమతి. ఎర్ర సముద్రంలో ఏఏఈ-1 రిపేరు నెలల తరబడి ఆగింది తీగ వల్ల కాదు. ఆ నీళ్ళు తమవేనంటూ యెమెన్‌లో ఇద్దరు పాలకులున్నారు.

ఒకే కేబుల్ ఉన్న దేశం సంగతికి టోంగా చాలు. 2022 జనవరి 15న అగ్నిపర్వతం పేలి ఫిజీకి పోయే కేబుల్ తెగింది. ఐదు వారాల తర్వాత గానీ అతకలేదు. టోంగా దీవుల మధ్య ఉన్న లోపలి కేబుల్‌కైతే ఏడాది దాటింది.

గుంతలో_ఫైబర్:
మనకా భయం లేదు కదా, 17 కేబుళ్ళున్నాయి.

సాగరగర్భం:
17 కేబుళ్ళు, 14 ల్యాండింగ్ స్టేషన్లు. టెలికం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2023లో చెప్పిన లెక్కే అది. ఊళ్ళు మాత్రం ఐదు: ముంబై, చెన్నై, కొచ్చిన్, ట్యూటికోరిన్, త్రివేండ్రం. వాటిలోనూ ఎక్కువ భాగం ముంబై, చెన్నైల మీదే పడుతుంది. పశ్చిమానికి పోయేవాటిలో చాలావరకు మళ్ళీ ఆ ఎర్ర సముద్రపు ఇరుకులోంచే పోవాలి. 2008 జనవరి 30న అలెగ్జాండ్రియా దగ్గర రెండు కేబుళ్ళు తెగితే ఇండియా బ్యాండ్‌విడ్త్‌లో పెద్ద భాగం పోయింది. 

తూర్పు తీరంలో చెన్నైకి ఉత్తరాన చెప్పుకోదగ్గ ల్యాండింగ్ లేకపోవడం ఇన్నాళ్ళ లోటు. 2025 అక్టోబరులో గూగుల్ విశాఖలో ప్రకటించిన డేటా సెంటర్ ప్రాజెక్టులో సముద్రపు కేబుళ్ళ గేట్‌వే కూడా ఉంది. అది నిజంగా దిగితే ఆంధ్రకు లాభం స్పీడులో కాదు, దారి మారడంలో.

నైరోబీ_తెలుగు:
కేబుల్ వచ్చాక ఏమవుతుందో చూడాలంటే తూర్పు ఆఫ్రికాను మించిన పాఠం లేదు. 2009 దాకా కెన్యా, ఉగాండా, టాంజానియా అంతా శాటిలైటు మీదే. భూస్థిర ఉపగ్రహం 35,786 కిలోమీటర్ల ఎత్తులో ఉంటుంది. అడగడానికి ఒకసారి ఎక్కి దిగాలి, జవాబుకు ఇంకోసారి. కాంతి వేగంతో లెక్కేసినా 480 మిల్లీసెకన్లు, పరికరాల ఆలస్యం కలిస్తే 600. 2009లో సీకామ్, టీమ్స్, 2010లో ఈస్సీ కేబుళ్ళు వచ్చాయి. అప్పటిదాకా ఉన్న ధరలు కూలిపోయాయి.

అయితే కేబుల్‌కు ముందే కెన్యా ఇంకో పని చేసింది, దాన్ని ఎవరూ పెద్దగా చెప్పరు: కిక్స్‌పీ, అంటే ఐఎస్పీలు (నెట్ అమ్మే కంపెనీలు) తమ ట్రాఫిక్‌ను ఊళ్ళోనే ఇచ్చిపుచ్చుకునే లోకల్ ఎక్స్‌చేంజ్. అది లేనప్పుడు నైరోబీలో ఒక ఐఎస్పీ కస్టమరు పక్క వీధిలోని ఇంకో ఐఎస్పీ కస్టమరుకు మెయిల్ పంపితే, అది శాటిలైటెక్కి అమెరికా పోయి మళ్ళీ శాటిలైటెక్కి తిరిగొచ్చేది. రెండు వైపులా డాలర్లలో చెల్లింపు. 2000 నవంబరులో ఐఎస్పీలు కలిసి ఒక స్విచ్ పెట్టుకుంటే, ప్రభుత్వ టెలికం కంపెనీ తన గుత్తాధిపత్యానికి గండి పడుతోందని ఫిర్యాదు చేసింది. నియంత్రణ సంస్థ దాన్ని మూయించింది. 2002 ఫిబ్రవరిలో లైసెన్సుతో మళ్ళీ తెరిచారు. ఆ తర్వాత ఊళ్ళో ట్రాఫిక్ ఆలస్యం 200–600 మిల్లీసెకన్ల నుంచి 2–10కి దిగింది. ఒక గది, ఒక స్విచ్, ఒక యూపీఎస్. ఖర్చు ఎంతో మీరే ఊహించుకోండి.

ఇంటర్నెట్ సొసైటీ 2020 నివేదికలో కెన్యా, నైజీరియా రెండూ 2012లో 30 శాతం ట్రాఫిక్‌నే దేశంలో తిప్పుకునేవనీ, అది 70 శాతానికి చేరిందనీ ఉంది. ఆబిజాన్ లాంటి దెబ్బ తగిలినప్పుడు ఆ 70 శాతం విలువ తెలుస్తుంది. గూగుల్, మెటా లాంటి కంపెనీల క్యాష్ సర్వర్లు (జనం ఎక్కువగా చూసేవాటి నకళ్ళు దాచేవి) దేశంలోనే ఉంటే, బయటి కేబుల్ తెగినా జనం వీడియోలు చూస్తూనే ఉంటారు.

పింగు_పొంగు:
ట్రాఫిక్ దేశంలోనే తిరుగుతోందా, బయట తిరిగొస్తోందా అన్నది ఎవరైనా ఇంట్లో కూర్చుని చూసుకోవచ్చు. ఇలా చూడండి.

ఫైబర్‌లో కాంతి 1,000 కిలోమీటర్లు పోయి రావడానికి 10 మిల్లీసెకన్లు తీసుకుంటుంది. దీన్ని కొలబద్దగా పెట్టుకోండి. హైదరాబాదు నుంచి చెన్నై రోడ్డున సుమారు 630 కిలోమీటర్లు. ఫైబర్ కొంచెం చుట్టు తిరిగినా, రూటర్లు కొంత తిన్నా 15–20 మిల్లీసెకన్లు దాటకూడదు. 70 వస్తోందంటే మీ ప్యాకెట్టు సింగపూర్ చూసొస్తోంది. మీ ఐఎస్పీ, అవతలి ఐఎస్పీ ఇక్కడ ఎక్కడా కలవడం లేదన్నమాట. మన దేశపు ఎక్స్‌చేంజ్ నిక్సీకి హైదరాబాదులో పాయింటుంది, అయినా ఇలా జరుగుతూనే ఉంటుంది.

ముందు 50 పింగులు (జవాబు రావడానికి పట్టే కాలం కొలిచే చిన్న సందేశాలు) పంపి సగటు కాదు, కనిష్ఠం చూడండి. కనిష్ఠం దూరాన్ని చెబుతుంది, సగటుకూ కనిష్ఠానికీ మధ్య తేడా రద్దీని చెబుతుంది. తర్వాత ట్రేస్‌రూట్: దారిలో ఒక్కో రూటర్ ఒక్కో మెట్టుగా, అక్కడిదాకా పట్టే కాలం చూపిస్తుంది. ఏ మెట్టు దగ్గర ఆలస్యం ఒక్కసారిగా ఎగిరి, *ఆ తర్వాతి మెట్లన్నిట్లోనూ అలాగే ఉందో* అదే సముద్రం దాటిన చోటు. మధ్యలో ఒక్క మెట్టులో నక్షత్రాలు కనిపించాయనో, 300 కనిపించిందనో కంగారు పడొద్దు. ఆ రూటర్ పింగులకు తీరిగ్గా జవాబిస్తోంది, అంతే. ఉదయం ఐదింటికి ఒకసారి, రాత్రి తొమ్మిదింటికి ఒకసారి చేయండి. ఉదయం బాగుండి రాత్రి చెడితే దారి మంచిదే, గొట్టం చిన్నది. రెండు వేళలా చెడుగా ఉంటే దారే తప్పు.

దేశాలను పోల్చేటప్పుడు కూడా స్పీడ్ టెస్ట్ సర్వర్ ఎక్కడుందో చూడండి. చాలాసార్లు అది ఐఎస్పీ సొంత గదిలోనే ఉంటుంది. గది లోపల పరిగెత్తించి కారు వంద దాటిందన్నట్టు.

కాఠ్మాండూ_లింక్:
సముద్రమే లేని దేశాల గురించి ఎవరూ మాట్లాడలేదు. నేపాల్‌కు బ్యాండ్‌విడ్త్ ప్రధానంగా భైరహవా, బీర్‌గంజ్, బిరాట్‌నగర్ లాంటి సరిహద్దు ఊళ్ళ మీదుగా ఇండియా నుంచి వస్తుంది. 2018 జనవరిలో రసువాగఢీ దగ్గర చైనా వైపు నుంచి కూడా దారి తెరిచారు. అయినా ట్రాఫిక్ బరువంతా దక్షిణం మీదే, ఎందుకంటే కొండల్లోంచి వచ్చే ఉత్తరపు దారి పొడుగు, కొండచరియలు విరిగితే తెగుతుంది.

2024 మే 2న నేపాల్‌లో చాలామందికి కొన్ని గంటలపాటు నెట్ ఆగింది. తీగలన్నీ బాగానే ఉన్నాయి. నేపాల్ ఐఎస్పీలు భారత కంపెనీలకు కట్టాల్సిన బాకీకి విదేశీ మారకం పంపడానికి నేపాల్ ప్రభుత్వం అనుమతివ్వలేదు, భారత కంపెనీల వాళ్ళు లింకు ఆపేశారు. ఇది ఏ మ్యాపులోనూ కనిపించని తెగుడు. భూపరివేష్టిత దేశాన్ని అంచనా వేసేటప్పుడు ఎన్ని సరిహద్దు లింకులున్నాయి అన్నదాంతో పాటు, డాలర్ సంతకం ఎవరి చేతిలో ఉంది అన్నది కూడా చూడాలి.

మన ఈశాన్యం కూడా భూపరివేష్టితమే, సిలిగురి ఇరుకు పుణ్యమా అని. అందుకే 2016 మార్చి నుంచి త్రిపుర కోసం బీఎస్ఎన్ఎల్ బంగ్లాదేశ్ దగ్గర 10 జీబీపీఎస్ కొనుక్కుంది: కాక్స్‌బజార్ ల్యాండింగ్ నుంచి అఖౌరా మీదుగా అగర్తలాకు. చెన్నై దాకా నేలమీద ఈడ్చుకు రావడం కంటే అది దగ్గర.

డీజిల్_లెక్క:
కేబుల్, ఎక్స్‌చేంజ్ అన్నీ సరే. టవర్ దగ్గర కరెంటు లేకపోతే అవన్నీ ఎందుకు? నా దృష్టిలో ఆఫ్రికాకూ మనకూ అసలు తేడా ఇక్కడే ఉంది. మన దగ్గర పల్లె టవర్‌కు కూడా రోజులో ఎక్కువ గంటలు గ్రిడ్ కరెంటు అందుతుంది. నైజీరియా పల్లెల్లో గ్రిడ్ అసలు లేని టవర్లు, ఉన్నా నాలుగైదు గంటలే వచ్చే టవర్లు చాలా. అక్కడ ఆపరేటర్ డేటా ధరలో డీజిల్ ధర దాగి ఉంటుంది.

లెక్క వేద్దాం. టవర్ పరికరాలు మైనస్ 48 వోల్టుల డీసీ మీద నడుస్తాయి. లోడు 2 కిలోవాట్లు అనుకోండి. 600 ఆంపియర్-అవర్ల లెడ్ యాసిడ్ బ్యాంకు ఉంటే 48 × 600 = 28.8 యూనిట్లు. సగానికి మించి పిండితే బ్యాటరీ తొందరగా చస్తుంది కాబట్టి చేతికొచ్చేది 14.4. అంటే ఏడు గంటలు. కాగితం మీద బాగుంది.

ఇప్పుడు నింపాలి కదా. బ్యాంకు సామర్థ్యంలో పదో వంతు కరెంటు, అంటే 60 ఆంపియర్లు ఇవ్వాలి. టవర్ లోడుకు 42 ఆంపియర్లు. మొత్తం 102. రెక్టిఫయర్ (ఏసీని డీసీగా మార్చేది) ఐదున్నర కిలోవాట్లు ఉంటేనే కుదురుతుంది. చాలాచోట్ల మూడు కిలోవాట్లదే పెడతారు, లోడు పోగా బ్యాటరీకి మిగిలేది చిటికెడు. సగం ఖాళీ అయిన బ్యాంకు సరైన కరెంటుతోనే ఐదు గంటలు, చివరి భాగం నెమ్మదిగా ఎక్కుతుంది కాబట్టి నిజానికి ఎనిమిది, పది గంటలు తీసుకుంటుంది. దక్షిణాఫ్రికాలో 2022–23లో ఆరో స్టేజీ కోతలప్పుడు నెట్‌వర్కులు పడిపోయింది ఇందుకే. ఒక్క కోత రెండు నుంచి నాలుగు గంటలే, కానీ రోజుకు మూడు నాలుగు సార్లు. మొదటి కోతకు బ్యాటరీ తట్టుకుంది, మూడో కోత వచ్చేసరికి నిండలేదు. ఆపైన బ్యాటరీల దొంగతనం. అందుకే కాంక్రీటులో పాతిపెట్టడం దాకా వెళ్ళారు.

వేడి ఇంకో శత్రువు. 25 డిగ్రీల పైన ప్రతి 10 డిగ్రీలకు లెడ్ యాసిడ్ ఆయుష్షు సగమవుతుంది. లిథియం మెరుగే: 80 శాతం దాకా పిండొచ్చు, రెండు మూడు గంటల్లో నిండుతుంది. దొంగలకూ అదే ఇష్టం.

రూపాయికి_జీబీ:
జనరేటరే నేరుగా నడిపితే? బ్యాటరీ గొడవ ఉండదుగా.

డీజిల్_లెక్క:
అదే పెద్ద తప్పు, ఇంకా జరుగుతూనే ఉంది. 15 కేవీఏ జనరేటరు మీద 2 కిలోవాట్ల లోడే పెడితే అది ఆరో వంతు బరువుతో నడుస్తుంది. ఇంజన్ వేడెక్కదు, డీజిల్ పూర్తిగా కాలదు, పొగగొట్టంలో తడి మసి పేరుకుంటుంది. అలా నడిపినా గంటకు సుమారు 2 లీటర్లు తాగుతుంది, అంటే రోజుకు 48 లీటర్లు. దాని బదులు బ్యాటరీలు నింపుతూ ఐదున్నర కిలోవాట్ల లోడు మీద పది గంటలు నడిపి, మిగతా పద్నాలుగు గంటలు బ్యాటరీ మీద వదిలితే రోజుకు 25–27 లీటర్లు. దీనికి ముందు చెప్పిన 600 బ్యాంకు చాలదు, పెద్దది కావాలి, లేదా లిథియం. డీజిల్ దొంగతనం లెక్క వేరే. ట్యాంకులో సెన్సార్ పెడితే సెన్సార్ కూడా పోతుంది.

సోలార్ అడుగుతారని తెలుసు కాబట్టి ముందే చెబుతున్నా. 2 కిలోవాట్లు రోజంతా అంటే 48 యూనిట్లు. ఎండ ఐదు గంటలు, నష్టాలు పోగా 75 శాతం దక్కితే సుమారు 13 కిలోవాట్ల ప్యానెళ్ళు: 550 వాట్లవి 24. 60 చదరపు మీటర్లకు పైగా స్థలం, చుట్టూ కంచె, తుడిచే మనిషి. అందుకే కాంగో, కామెరూన్ పల్లెల్లో పెద్ద టవర్‌కు సోలార్ తగిలించడం కాక, టవర్‌నే చిన్నది చేశారు. 300 వాట్ల సైటు పెడితే రోజుకు 7.2 యూనిట్లు, నాలుగు ప్యానెళ్ళు చాలు. స్పీడ్ పట్టికలో అలాంటి సైటు పరువు తీస్తుంది. ఊరికి మాత్రం నెట్ ఉంటుంది.

గుంతలో_ఫైబర్:
వెన్నెముక (దేశమంతా పోయే ప్రధాన ఫైబర్ లైను) వేస్తే చాలు, మిగతాది మార్కెట్ చూసుకుంటుందన్న నమ్మకానికి పెరూ మంచి మందు. జాతీయ ఫైబర్ వెన్నెముక 13,500 కిలోమీటర్లకు పైగా, 2016 నాటికి వేసేశారు. ఆండీస్ కొండల్లో అంత పని చేయడం నిజంగా గొప్పే. కాంట్రాక్టులో హోల్‌సేల్ ధర నెలకు ఎంబీపీఎస్‌కు 23 డాలర్లని, దేశమంతా ఒకటేనని రాసుకున్నారు. అప్పటికి అది చవకే. కానీ తీరంలో ప్రైవేటు కంపెనీలు సొంత ఫైబర్ వేసుకుని ధర దించేశాయి. కాంట్రాక్టు ధర మాత్రం రాతి మీద చెక్కినట్టు ఉండిపోయింది, దించే వెసులుబాటు లేదు. కొండల్లో కొనేవాళ్ళు తక్కువ, తీరంలో కొనాల్సిన పని లేదు. ఫైబర్ చాలావరకు ఖాళీగా పడి ఉంది. 2021లో ప్రభుత్వం కాంట్రాక్టు రద్దు చేసుకుంది.

పంచాయతీలకు ఫైబర్ వేసే మన భారత్‌నెట్ పథకం తప్పు వేరే రకం. 2011లో ఆమోదించింది. మొదటి దశ లక్ష పంచాయతీలకు 2017 డిసెంబరులో పూర్తయింది. బ్లాకు నుంచి పంచాయతీలకు చెట్టు కొమ్మల్లా చీలే వరస. మొదలు దగ్గర తెగితే ఆ కొమ్మ మీది ఊళ్ళన్నీ చీకటి. పైగా కొంత దూరం పాత బీఎస్ఎన్ఎల్ ఫైబర్, కొంత కొత్తది. పాతదాంట్లో నష్టాలు ఎక్కువ. 2023 ఆగస్టులో ఆమోదించిన 1,39,579 కోట్ల సవరించిన పథకంలో రింగు పెట్టడం ఈ తప్పు దిద్దడానికే. ఒక వైపు తెగితే రెండో వైపు నుంచి వస్తుంది. ఒక హెచ్చరిక: రింగులో రెండు వైపులూ ఒకే రోడ్డు రెండు పక్కల వేస్తే జేసీబీకి అది రింగు కాదు.

ఇండోనేషియా పలాపా రింగ్ 2019లో పూర్తి చేసి, ఆపరేటర్లు పోని 57 జిల్లాలు, పట్టణాలకే వెన్నెముక వేసింది. కాంట్రాక్టరుకు డబ్బు ట్రాఫిక్‌ను బట్టి కాక, లైను పనిచేసిన కాలాన్ని బట్టి. అందుకే నిర్వహణ మీద కాంట్రాక్టరుకు శ్రద్ధ ఉంటుంది. ఈ ముక్క మనం ముందే నేర్చుకోవాల్సింది.

కరీంనగర్_కేబుల్:
అన్నా, అసలు ముచ్చట తవ్వుడు కాడనే ఉన్నది. బీఎస్ఎన్ఎల్ లెక్కల ఫైబర్ 1.65 మీటర్ల లోతుల పడాలె. ఎన్ని కాడ పడ్డది? రాయి తగిల్తే రెండు ఫీట్లకు ఆపి మట్టి కప్పిన్రు. రోడ్డు వెడల్పు చేసేటోళ్ళు రాంగనే మొదలు తెగేది అదే.

అందుకే ఆంధ్రల ఫైబర్‌నెట్‌కు కరెంటు స్తంభాల మీదికెళ్ళి గుంజిన్రు, సుమారు 24,000 కిలోమీటర్లు. తవ్వుడు లేదు, పర్మిషన్ లేదు, జల్ది అయిపాయె, ఖర్చు శానా తక్కువ. గానీ గాలిదుమారం, తుపాను వస్తే స్తంభంతోటి ఫైబర్ గూడ పడ్తది. తీరం జిల్లాలల్ల ఇది చిన్న మాట గాదు. తెలంగాణల టీ-ఫైబర్‌కు మిషన్ భగీరథ నీళ్ళ పైపుల గుంతలనే డక్టు (ఫైబర్ దూర్చే గొట్టం) ఏసిన్రు. ఒక్క తవ్వుడుకు రెండు పనులు. తెలివైన పనే, గానీ పైపు పలిగితే నీళ్ళోళ్ళు తవ్వుడు షురూ జేస్తరు, వాళ్ళకు కింద ఫైబర్ ఉన్నదన్న సోయి ఉండది.

నైజీరియాల తవ్వనీకి ఒక్కో రాష్ట్రం ఒక్కో రేటు. 2013ల అందరు కలిసి మీటరుకు 145 నైరాలని ఒప్పుకున్నరు. తర్వాత చాలా రాష్ట్రాలు దానికి ఎన్నో రెట్లు గుంజినయి. కడున, కట్సిన లాంటియి మొత్తానికే మాఫీ చేసినయి. ఒక్కటే దేశం, రాష్ట్రం దాటితే ఫైబర్ ధర మారుతది. మన దగ్గర 2016 రూల్స్‌ల కిలోమీటరుకు వెయ్యి రూపాయలకు మించి దరఖాస్తు ఫీజు వద్దన్నరు. అప్పుడు ఫీజు వెయ్యే, గానీ రోడ్డు మళ్ళ పూడ్చే ఖర్చు కింద మున్సిపాలిటీ అడిగేదానికి, దానికి సంబంధమే ఉండకపోయేది.

పింగు_పొంగు:
స్టార్‌లింక్ ఉపగ్రహ నెట్ వచ్చాక ఈ తవ్వకాలు, డీజిల్ అన్నీ పాత మాటలు కావా?

నైరోబీ_తెలుగు:
కావు. నైజీరియాలో 2023 జనవరిలో, కెన్యాలో జులైలో మొదలైంది. 2024 చివరికల్లా లాగోస్, నైరోబీల్లో కొత్త కనెక్షన్లు ఆపేశారు. ఆకాశంలో ఒక్కో గడికి సామర్థ్యం ఇంతే అని ఉంటుంది. పల్లెలో పది ఇళ్ళు పంచుకుంటే బాగుంటుంది, ఊరంతా ఎక్కితే కుదరదు. అంటే ఎవరికి ఫైబర్ దగ్గరలో ఉందో వాళ్ళే ముందు ఎగబడి పల్లె కోసమన్నదాన్ని నింపేశారు. డిష్‌కు 50–100 వాట్లు కావాలి, కరెంటు లేని ఇంటికి దాని సోలారే ఒక బరువు.

శాటిలైటును స్కూళ్ళకు పంచాలంటే ఇండోనేషియా ఉపగ్రహం సాత్రియా-1 చూడండి. 2023 జూన్‌లో ఎగిరింది, మొత్తం సామర్థ్యం 150 జీబీపీఎస్. మొదట అనుకున్న 1,50,000 చోట్లకు పంచితే చోటుకు 1 ఎంబీపీఎస్. భాగహారం చాలు, ఇంజనీరు అక్కర్లేదు.

రూపాయికి_జీబీ:
నేను మొదట చెప్పిన 39 శాతం, సిగ్నల్ ఉన్నా వాడనివాళ్ళు, మాత్రం ఇంకా అలాగే ఉంది. దానికి రువాండాను తీసుకుంటాను. కొరియా కంపెనీతో కలిసి ఒక్క హోల్‌సేల్ 4జీ నెట్‌వర్కు పెట్టారు, ఆపరేటర్లంతా దాని దగ్గరే కొనుక్కోవాలన్నారు. దేశమంతా 4జీ సిగ్నల్ పరిచారు, 95 శాతం దాటింది. వాడినవాళ్ళు బహు కొద్దిమంది. ఆపరేటర్‌కు తన 3జీ సొంతం, 4జీ కొనుక్కోవాలి. దేన్ని అమ్ముతాడు? 4జీ పనిచేసే ఫోను ధర జనానికి అందదు. చివరికి 2022–23లో విధానం మార్చి ఆపరేటర్లకు సొంత 4జీ పెట్టుకోనిచ్చారు.

పోలికకు ఐక్యరాజ్యసమితి బ్రాడ్‌బ్యాండ్ కమిషన్ గీత పనికొస్తుంది: మామూలు చిన్న డేటా ప్యాకుకు నెలకయ్యే ఖర్చు తలసరి నెల ఆదాయంలో 2 శాతం లోపు ఉండాలి. ఇందులో ఒక మాయ ఉంది, సగటు ఆదాయం. కింది 40 శాతం వాళ్ళ ఆదాయంతో లెక్కేస్తే సగటుతో గట్టెక్కిన దేశాలు కూడా కొన్ని తప్పుతాయి. ఫోను ధర ఇందులో చేరనే లేదు. మన దగ్గర 2016 సెప్టెంబరులో జియో వచ్చింది, కానీ బటన్ ఫోన్లవాళ్ళకు అసలు తలుపు తెరిచింది మరుసటి ఏడు 1,500 డిపాజిట్ మీద ఇచ్చిన 4జీ బటన్ ఫోను. టవర్ ఎంతో ఫోనూ అంతే.

డీజిల్_లెక్క:
దానికి అడ్డుమాట చెబుతా. కెన్యాలో ఫోనుతో డబ్బు పంపే ఎం-పెసా 2007లో మొదలైంది, 2జీ మీద, సిమ్ మెనూతో. నెట్ అక్కర్లేదు. అంటే స్మార్ట్‌ఫోను లేనివాడికి ఏదీ అందదన్న లెక్క కూడా సగమే నిజం. 2జీ ఆపేద్దామని తొందరపడే దేశాలు ఈ సంగతి చూసుకోవాలి.

గుంతలో_ఫైబర్:
ఒప్పుకుంటా. కరీంనగర్ అన్నా, ఒక్క ప్రశ్న. పంచాయతీ దాకా ఫైబర్ "రెడీ" అని రాసి ఉంటుంది, ఓఎన్‌టీలో (ఫైబర్ చివర పెట్టే పెట్టెలో) ఎర్ర లైటు. నీ లెక్కలో ముందు ఏం చూడాలి?

కరీంనగర్_కేబుల్:
లెక్కతోనే మొదలువెట్టాలె. జీపాన్ బీ-ప్లస్ (ఒక్క ఫైబర్‌ను శానా మందికి పంచే పద్ధతి)ల వెల్తురు మొత్తం 28 డీబీ దాకా పోగొట్టుకోవచ్చు, డీబీ అంటే ఆ నష్టం కొలత. 20 కిలోమీటర్లు, 1310 నానోమీటర్ల వెల్తురు మీద కిలోమీటరుకు 0.35 చొప్పున 7 డీబీ. వెల్తురును 32 పాయలుగ చీల్చే 1:32 స్ప్లిట్టరు పదిహేడున్నర. పది అతుకులకు 1, నాలుగు కనెక్టర్లకు 1.2. ఎంతాయె? 26.7. మిగిలింది 1.3 డీబీ. గంతే. రోడ్డు పనుల మూడు సార్లు తెగి, ఆగమాగంగ అతికిస్తే ఒక్కో అతుకు అర డీబీ తింటది, అయిపాయె.

మీటరు వెట్టి ఓఎన్‌టీ కాడ ఎంతున్నదో చూడు. మైనస్ 8 నుంచి మైనస్ 27 మధ్యల ఉండాలె. మైనస్ 27 దాటితే మొదలు కనెక్టరు ఇప్పి తుడువు, సగం కేసులు గక్కడనే తీర్తయి. పచ్చ కనెక్టరుకు నీలం కనెక్టరు పెట్టిన్రా చూడు, గది గూడ మస్తు చూస్తం. తర్వాత పెట్టెల ఫైబర్ మడత పడ్డదా చూడు, అంగుళం కన్న చిన్నగ వంచితే 1490 కన్న 1550 మీద నష్టం ఎక్కువ కనవడ్తది, గది మడతనే అని పట్టుకోవచ్చు. గివన్నీ మంచిగుంటెనే ఓటీడీఆర్ తీయి.

అసలు వెల్తురే వస్తలేదంటే ఫైబర్‌ను అనకు. బ్లాకు ఆఫీసుల వెల్తురు పంపే పెట్టె, ఓఎల్‌టీకి, కరెంటున్నదా అని ఫోన్ చేసి అడుగు.